గడపకు అడ్డంగా తెడ్డు

1969వ సంవత్సరం. రేపల్లెలో ఇరవై మంచాల చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది. పేరెందుకులెండి, ఇప్పుడది లేదు. అందులో నేను స్టాఫ్ నర్సుని. పుట్టింది బాపట్లలో, చదివింది గుంటూరులో, ఉద్యోగం రేపల్లెలో. అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్ళు. నోరు మాత్రం అరవై ఏళ్ళ అత్తగారి నోరని వార్డులో అనుకునేవారు. రోగులు నన్ను "కోపం నర్సమ్మ" అని గుర్తు చెప్పుకుంటారని తెలిసిన రోజు నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ కోపానికి ఓ కారణం ఉంది. అప్పుడు నాకే తెలియదు. మా హెడ్ నర్సుగారికి నేనంటే ఇష్టం. నాకు పెళ్ళి కాలేదు, ఇంట్లో చూసుకోవలసిన పసిపిల్లలు లేరు. అందుకని నెలలో మూడు వారాలు నాకే నైట్ డ్యూటీ వేసేవారు. "రాత్రిళ్ళు పని తేలిక సుగుణా. ఓ.పి. ఉండదు, గోల ఉండదు, పగలంతా నీదే" అనేవారు. ఓ.పి. అంటే పొద్దున్నే వచ్చి చూపించుకుని, మందులు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళ విభాగం. నిజమే, రాత్రి గోల ఉండదు. పగలంతా నాదే అన్నదే అబద్ధం. ఇంటికొచ్చి పడుకోగానే పాలవాడు, వాడి వెనక ఉప్పమ్మే మనిషి, ఆ తర్వాత పక్కింటి పిన్నిగారు. "ఏంటి సుగుణా, ఈ వేళప్పుడు పడుకున్నావు, ఒంట్లో బాగోలేదా?" అని తలుపు కొట్టి మరీ అడిగేది. బాగానే ఉంది పిన్నిగారూ, మీరు లేపేదాకా బాగానే ఉంది అనేదాన్ని. సాయంత్రానికి కడుపులో మంట, తలనొప్పి. అన్నం తినాల్సిన వేళ ఆకలుండదు, ఆకలేసే వేళకి అన్నముండదు.

నాలుగో వారం ఓ.పి.లో పని. తిరుపాలు మొదటిసారి వచ్చింది అలాంటి వారంలోనే, ఆషాఢ మాసంలో.

పాతికేళ్ళవాడు. ఉప్పునీటి కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర వాళ్ళ పల్లె. చేపల వేట వాళ్ళ బతుకు. అత్తవారింటికి ఇల్లరికం వచ్చాడు. కూడా భార్య నాగమణి, ఆమె అమ్మమ్మ ఆదెమ్మ వచ్చారు. అతను అంతకుముందు నెలలో పడవ మీద ఉండగా మూర్ఛ వచ్చి నీళ్ళలో పడ్డాడు. పక్కవాళ్ళు జుట్టు పట్టుకుని పైకి లాగారు. ఆ తర్వాత ఒడ్డు మీద ఇంకోసారి వచ్చింది.

డాక్టరుగారు రోజూ పొద్దున తెనాలి నుంచి రైల్లో వచ్చేవారు. నెమ్మదైన మనిషి. అన్నీ అడిగి, కళ్ళు చూసి, మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూసి, కేస్ షీట్‌లో "ఫిట్స్" అని రాశారు. ఫినోబార్బిటోన్ మాత్రలు ఇమ్మన్నారు. మెదడులో చెలరేగే అలజడిని అణచి ఉంచే మందు అది. మత్తుగా ఉంటుంది కాబట్టి రాత్రి పూట వేసుకోమంటాం. ముప్ఫై మాత్రలు పొట్లం కట్టి, తిరుపాలు చేతిలో పెట్టి అందరికీ చెప్పినట్టే అతనికీ చెప్పాను.

"రోజూ పడుకోబోయే ముందు ఒకటి. మర్చిపోకూడదు. తెలిసిందా?"

"తెలిసిందమ్మగారూ. ఇది ఏసుకుంటే తగ్గిపోద్దా అండి?"

"చెప్పినట్టు వేసుకుంటే తగ్గుతుంది."

నాగమణి కొంగు నలుపుకుంటూ అంది. "తగ్గాలమ్మా. మా పెదకాపు శివరాత్రి దాకా చూత్తానన్నాడు. అప్పటికి తగ్గకపోతే పడవలో ఈయన చోటు ఇంకోళ్ళకి ఇచ్చేత్తారంట. ఇంక జన్మలో పడవెక్కనియ్యరు." పెదకాపు అంటే ఆ పల్లెకి పెద్ద. వాళ్ళలో అతని మాటే మాట.

తిరుపాలు పొట్లం వైపు చూస్తూ నిలబడ్డాడు. పడవెక్కని మగవాడికి ఆ పల్లెలో ఏం మిగులుతుందో నాకప్పుడు తెలియదు. ఎండుచేపల మీద కాకులు వాలకుండా కాపలా కాసుకుంటూ కూర్చోవాలని నాగమణి చెప్పింది. ఆ మాట చెబుతూనే ఏడ్చేసింది.

మరుసటి నెల వచ్చారు. మళ్ళీ రెండుసార్లు పడ్డాడట. పొట్లం విప్పమన్నాను. తొమ్మిది మాత్రలు అలాగే ఉన్నాయి. అప్పటికి మూడు వారాల నైట్ డ్యూటీ చేసి ముందురోజే ఓ.పి.లోకి వచ్చినదాన్ని. ఒళ్ళు మండిపోయింది.

"ఇదేంటయ్యా? రోజుకొకటి వేసుకుంటే తొమ్మిది ఎలా మిగులుతాయి?"

"మీరు చెప్పినట్టే ఏసుకున్నానండి. పడుకోబోయే ముందు."

"మరి ఇవేంటి? అబద్ధాలు నా దగ్గరా?"

"పడుకుంటేగా అమ్మా..." అన్నాడు మెల్లిగా.

"ఎదురు సమాధానాలు కూడానా!" అని పొట్లం బల్ల మీద కొట్టాను. వరండాలో వాళ్ళందరూ ఇటు తిరిగారు. తిరుపాలు తల వంచుకున్నాడు. ఆ వంచిన తల ఇప్పటికీ నాకు కళ్ళ ముందు కనిపిస్తుంది, కనిపించినప్పుడల్లా సిగ్గేస్తుంది. అతను నాకు జబ్బు కారణం మొత్తం రెండు మాటల్లో చెప్పాడు. నేను విననే లేదు.

ఆదెమ్మ ఊరుకునే రకం కాదు. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా, నల్లగా, చెవులకి బరువైన కమ్మలు. నా బల్ల దగ్గరకొచ్చి, "మా పిల్లోడ్ని అరిస్తే ఏమొచ్చిద్ది తల్లీ? అమాసకీ పున్నానికీ వస్తంది వాడికి. అది గాలి. మాత్రలకి లొంగే గాలి కాదది" అంది.

"గాలీ లేదు, దుమ్మూ లేదు. అతని మెళ్ళో ఆ తాయెత్తులు తీసేసి మాత్రలు వేయించు ముసలమ్మా" అన్నాను.

"ఏసి చూడు, తీసి చూడు. అమాసకి పడకపోతే నన్నడుగు" అని వెళ్ళిపోయింది.

నాకు పంతం వచ్చింది. ఆ ముసలావిడ నోరు మూయించాలని రోజులన్నీ రాసి పెట్టడం మొదలుపెట్టాను. టెంపరేచర్ చార్ట్ అని జ్వరం కొలతలు గుర్తు పెట్టే గళ్ళ కాగితం ఉంటుంది కదా, దాని మీద తిరుపాలు పడిన రోజుల్లో ఎర్ర సిరాతో చుక్క పెట్టాను. వాళ్ళు నెలనెలా వచ్చినప్పుడు నాగమణిని అడిగి చుక్కలు చేర్చాను. ఆశ్వయుజం వెళ్ళేసరికి ఎనిమిది చుక్కలయ్యాయి. పంచాంగం తెచ్చి పక్కన పెట్టుకుని చూశాను. ఒక్కటి తప్పలేదు! ప్రతి చుక్కా అమావాస్యకో పున్నమికో ఒకటి రెండు రోజుల అటూ ఇటూగానే ఉంది.

మూడేళ్ళు నర్సింగ్ చదువుకుని చివరికి నేనే చంద్రుణ్ణి చూసి జబ్బు చెప్పేదాన్నయ్యానే అని గిజగిజలాడిపోయాను. చివరికి ధైర్యం చేసి కాగితం డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన చూసి చూసి నవ్వారు.

"ఏంటి సిస్టర్, రేపటి నుంచి ఓ.పి.లో తాయెత్తులు కూడా ఇద్దామా?"

"నవ్వకండి సార్. ఇది నిజంగా ఇలాగే ఉంది."

"ఉంటే కారణం ఉంటుంది. కనుక్కోండి మరి" అన్నారు, కాగితం నాకు తిరిగి ఇచ్చేస్తూ.

కనుక్కునే అవకాశం కార్తీక మాసంలో దానంతటదే వచ్చింది. ఆ పల్లె వైపు పిల్లలకి టీకాలు వేయడానికి మనుషులు చాలక మా ఆసుపత్రి నుంచి ఒకరిని పంపమన్నారు. నేనే వెళ్తానన్నాను. పున్నమి వెళ్ళిన మర్నాడు. బస్సు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచి, పల్లె చేరేసరికి పొద్దున పదకొండు గంటలైంది.

ఎండ మంచి పట్టు మీద ఉంది. పల్లెలో చప్పుడు లేదు. పిల్లలు కూడా గుసగుసగా ఆడుకుంటున్నారు. ఇదేంటి, పట్టపగలు ఊరంతా నిద్రపోతోందని చిరాకేసి, "ఎవరమ్మా లోపల! టీకాలు వేయించుకోవాలి, పిల్లల్ని తీసుకురండి!" అని గట్టిగా కేకేశాను. మొదటి గుడిసె తలుపు తట్టబోయాను.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆదెమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఉష్! కేకలెయ్యకు తల్లీ. తెడ్డు కనపళ్ళేదా?"

అప్పుడు చూశాను. ఆ గడపకి అడ్డంగా పడవ తెడ్డు ఒకటి పెట్టి ఉంది. పక్కింటికీ ఉంది. దాని పక్కింటికీ ఉంది.

"వల లాగొచ్చినోళ్ళు పడుకుంటే తెడ్డు అడ్డం పెడతాం. తెడ్డు దాటి లోపలికి ఎవురూ పోరు, పేరు పెట్టి పిలవరు. ఇంటికి సుట్టాలొచ్చినా ఇంకో ఇంట్లో కూచోవాల్సిందే" అని చెవిలో చెప్పింది.

మా పాలవాడూ, పిన్నిగారూ గుర్తొచ్చారు. ఇంత మర్యాద ఉన్న ఊరు నేను ఎక్కడా చూడలేదు. పున్నమికీ అమావాస్యకీ పోటు బాగా ఎక్కి, ఆటు బాగా తీస్తుందట. అప్పుడు కాలువకడ్డంగా గుంజలు పాతి వల కడతారు. నీళ్ళు తీసే వేగానికి చేపలూ రొయ్యలూ వలలో పడతాయి. రోజుకి రెండు ఆట్లు, రెండుసార్లు లాగాలి. ఆ వేళ కూడా రోజూ ముప్పావు గంట పైనే వెనక్కి జరుగుతూ ఉంటుంది. అందుకని ఆ నాలుగైదు రోజులూ వాళ్ళకి పగలూ రాత్రీ అంటూ లేవు. నీళ్ళు పని చెప్పినప్పుడు పని, నీళ్ళు సెలవిచ్చినప్పుడు నిద్ర.

"మరి మీ ఇంటికి తెడ్డు లేదేం? తిరుపాలు పడుకోలేదా?" అన్నాను.

"వాడు కాలవ గట్టు మీదున్నాడు."

వెళ్ళి చూశాను. తిరుపాలు తాటాకు పాక నీడలో గొంతుక్కూర్చుని నీళ్ళ వైపు చూస్తున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడబోయి తూలాడు.

"ఎప్పుడు పడుకున్నావయ్యా?"

అతను వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "ఏకాదశి నాడు అమ్మగారూ. మజ్జలో కూచుని కాసేపు కునుకు తీత్తా అంతే. పడుకుంటే ఎట్టా? నీళ్ళల్లో దుంగలు కొట్టుకొత్తాయి, వల చినిగిపోద్ది. నీళ్ళు తిరిగే ఏళ చూసి అందర్నీ లేపాలి."

పడుకోలేదు. పడుకోలేదు కాబట్టి మాత్ర వేసుకోలేదు. పడుకోబోయే ముందు వేసుకోమన్నది నేను! మందు ఎక్కువ అవసరమైన రోజుల్లోనే మందు లేదు, నిద్ర కూడా లేదు. నిద్ర లేకపోతే ఆరోగ్యంగా ఉన్నవాడి మెదడే గాభరా పడుతుంది. మూర్ఛ ఉన్నవాడికి అది నేరుగా మూర్ఛని పిలవడమే. "పడుకుంటేగా అమ్మా" అన్న మాట అప్పుడు వినపడింది నాకు, మూడు నెలలు ఆలస్యంగా.

పెదకాపు నా గొంతు విని వచ్చాడు. తలపాగా, తెల్లటి మీసాలు, పెద్దమనిషి. "ఈ పని ఇతనికి ఎవరిచ్చారండి?" అని అడిగాను.

"నేనేనమ్మా. నీళ్ళలో పడ్డ కాడ్నుంచీ పడవెక్కించటంలా. బరువు ఎత్తనియ్యటంలా, తాడు లాగనియ్యటంలా. నీడన కూచోబెట్టాం. అంతకుముందు ఈ కాపలా వంతులేసుకుని చేసేవోళ్ళం. ఇప్పుడు మొత్తం ఈడికే ఇచ్చాం. మా ఊళ్ళో ఇంతకన్నా తేలిక పని ఇంకోటి లేదు."

తేలిక పని! నాకు మా హెడ్ నర్సుగారి గొంతు వినపడింది. నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపొచ్చింది. ఆ గట్టు మీద, ఇద్దరు మగవాళ్ళ ముందు, కళ్ళు తుడుచుకున్నాను. అందరూ దయగలవాళ్ళే. దయతోనే ఇతని నిద్ర మొత్తం లాగేసుకున్నారు.

"పెదకాపుగారూ, ఇతనికి జబ్బు పెంచుతున్నది ఈ పనే. మూటలు మోసినా ఫరవాలేదు, నిద్ర మాత్రం తప్పకూడదు."

ఆయన నమ్మలేదు. "కళ్ళు తెరుచుకుని కూచోటం కూడా కట్టమేనంటమ్మా?"

"అయితే ఈ అమావాస్యకి మీరే కూచోండి, నాలుగు రోజులు. తర్వాత మాట్లాడుకుందాం."

కోపం నర్సమ్మ అన్న పేరు అక్కడికి కూడా చేరిందేమో, ఆయన తలపాగా సర్దుకుని సరేనన్నాడు. నేను మా ఆసుపత్రి డ్యూటీ చార్ట్ గురించి చెప్పాను. ఎవరెప్పుడు పనిలో ఉండాలో రాసి గోడకి అంటించే కాగితం. మళ్ళీ వంతులు వేసుకోమన్నాను. కాగితం చదివేవాళ్ళు పల్లెలో లేరు. పోనీ గంటలు చెబుదామంటే గడియారమూ లేదు. ఏం చేయాలో తోచక నేను నిలబడితే, నా వెనకే వచ్చిన ఆదెమ్మ పాకలోకి వెళ్ళి వల తేలడానికి కట్టే బెండు ఒకటి పట్టుకొచ్చింది.

"బెండు ఎవరి చేతిలో ఉంటే ఆళ్ళు మేలుకోవాలి. నీళ్ళు తిరగ్గానే పక్కోడి చేతిలో పెట్టి పోయి పడుకోవాలి. మా అయ్య కాలంలో ఇట్టాగే చేసేవోళ్ళు. దీనికి కాయితాలెందుకు?" అంది.

నాకు పాఠం చెప్పడానికే పుట్టింది ఆ ముసలమ్మ. బెండు పట్టుకోవడానికి ముసలివాళ్ళు ముగ్గురు ఒప్పుకున్నారు. వాళ్ళలో మొదటివాడు పెదకాపే. తిరుపాలు అందరితో పాటు గట్టు మీద నుంచి తాడు లాగాలి, అందరితో పాటు పడుకోవాలి. మాత్ర నిద్రకి ముందు కాదు. పోటైనా ఆటైనా, పడుకున్నా మేలుకున్నా, ఇంట్లో దీపం పెట్టే వేళకి నాగమణి తన చేత్తో వేయాలి. ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్ళి వేయాలి.

వెళ్ళబోతూ తిరుపాలుతో అన్నాను. "ఆ రోజు అందరి ముందూ నిన్ను అబద్ధాలకోరన్నాను. తప్పు నాది."

"ఊరుకోండమ్మగారూ. ఆ రోజు మీ కళ్ళు కూడా మా కళ్ళలాగే ఉన్నాయి. నిద్రలేనోళ్ళు అరుత్తారని మాకు తెలుసు" అన్నాడు.

పదేళ్ళ ఉద్యోగంలో నాకు ఎవరూ చెప్పని జబ్బు అతను చెప్పాడు. మర్నాడు డాక్టరుగారికి జరిగింది వినిపిస్తే ఈసారి నవ్వలేదు. కేస్ షీట్ తీసి, "రోజూ నిద్ర, మందుతో సమానం" అని స్వయంగా రాశారు. అదే ఊపులో నేను హెడ్ నర్సుగారి దగ్గరికి వెళ్ళి, నైట్ డ్యూటీ అందరికీ వంతులు వేయమన్నాను. ఆవిడ ముందు నొచ్చుకున్నారు. "నీ మంచికే కదా సుగుణా వేసింది" అన్నారు. నాకు తెలుసండి, మీ మంచితనంతోనే నా కడుపు మండిపోతోందండి అన్నాను. ఆవిడ పకపకా నవ్వేశారు. మరుసటి నెల నుంచి నాకు ఒక్క వారమే నైట్ పడింది.

కార్తీక అమావాస్యకి తిరుపాలు పడలేదు. మార్గశిర పున్నమికి పడలేదు. పుష్యంలో ఒకరోజు ఆదెమ్మ ఒక్కతే వచ్చి, "అమాస దాటింది తల్లీ, పడలా" అని చెప్పి, ఆ మాట చెప్పడానికే వచ్చినట్టు వెనక్కి తిరిగింది. నా చార్ట్ మీద చుక్కలు ఆగిపోయాయి. అయినా నాకు భయం పోలేదు. పెదకాపు పెట్టిన గడువు శివరాత్రి. శివరాత్రి అంటే జాగారం. పైగా మర్నాడే అమావాస్య. ఊరంతా తెల్లవార్లూ మేలుకుంటే ఈ పిల్లాడు మాత్రం పడుకుంటాడా? భక్తి తప్పిందని నలుగురూ అంటే మొహమాటానికైనా కూర్చుంటాడు కదా! డాక్టరుగారి చేత చీటీ రాయించి పంపుదామా అనుకున్నాను. చీటీ చదివేవాళ్ళు లేరని గుర్తొచ్చి ఊరుకున్నాను.

శివరాత్రి వెళ్ళిన వారానికి ముగ్గురూ వచ్చారు. నాగమణి ముఖం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"పడవెక్కాడమ్మా! మొన్న పొద్దున ఎక్కాడు!"

"మరి జాగారం?"

నాగమణి నవ్వు ఆపుకోలేక ఆదెమ్మ భుజం మీద పడింది. ఆదెమ్మే చెప్పింది. శివరాత్రి నాడు చీకటి పడేసరికి పెదకాపే వాళ్ళింటికి వచ్చాడట. తన తెడ్డు తెచ్చి వాళ్ళ గడపకి అడ్డంగా పెట్టి, "ఒరే, నువ్వు పడుకో. నీ జాగారం కూడా నేనే చేత్తా. శివుడికి నేను చెప్పుకుంటా" అన్నాడట. అని గడప బయటే కూర్చున్నాడట. నాలుగు రోజులు బెండు పట్టుకుని కూర్చుంటే అప్పటికి తెలిసొచ్చిందట ఆయనకి, కళ్ళు తెరుచుకుని కూర్చోవడం ఎంత కష్టమో.

"జాగారం చేశాడా మరి?" అన్నాను.

"ఎక్కడ! అర్ధరేత్రికే గుర్రు పెట్టాడు" అంది ఆదెమ్మ. తిరుపాలు కూడా నవ్వాడు. అతను నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి. మాత్రలు ఇంకా వేసుకోవాలనీ, పడవలో ఒంటరిగా పోకూడదనీ డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అలాగే ఉన్నాడు. ఆ తర్వాత నేను రేపల్లెలో ఉన్నన్నాళ్ళూ అతని పేరు మీద ఎర్ర చుక్క పెట్టే అవసరం రాలేదు.

వెళ్ళేముందు తిరుపాలు గోనెగుడ్డలో చుట్టినదేదో నా బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే మూరెడు పొడుగు తెడ్డు, తనే చెక్కాడట. "రాత్రి పనికి పోయొచ్చిన రోజు మీ గడపకి పెట్టుకోండమ్మగారూ" అన్నాడు.

పెట్టుకున్నాను. పాలవాడికి నెల రోజులు పట్టింది అలవాటవడానికి. పిన్నిగారికి ఇంకో నెల. ఆ తర్వాత తెడ్డు ఉందంటే పాలగిన్నె గడప బయటే పెట్టి, కాలి చప్పుడు కూడా లేకుండా వెళ్ళేవారు.

చాలా ఏళ్ళ తర్వాత తెనాలిలో పనిచేస్తున్నప్పుడు, కొత్తగా చదువుకొచ్చిన డాక్టరమ్మ ఒకామె, మనిషి ఒంట్లోనే ఓ గడియారం ఉంటుందనీ, దాన్ని బాడీ క్లాక్ అంటారనీ నాకు వివరంగా చెప్పింది. శ్రద్ధగా విన్నాను. ఆ గడియారం చెడగొట్టుకుంటే ఏమవుతుందో నాకు ఎర్ర చుక్కల్లో తెలుసు, నా కడుపులోనూ తెలుసు. రిటైరయ్యేదాకా ఏ మందు పొట్లం చేతిలో పెట్టినా ముందు ఒక ప్రశ్న అడిగాను. మిల్లు కాపలావాళ్ళనీ, రైలు గేటు దగ్గర పనిచేసేవాళ్ళనీ, పసిబిడ్డల తల్లులనీ అడిగాను. "నువ్వు పడుకునేదెప్పుడు?" ఆ ప్రశ్నకి చాలామంది కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అంతకుముందు ఆ మాట వాళ్ళని ఎవరూ అడగలేదట.